మూడు గంటల గీత

నోటీసును కొట్టు తలుపుకు కాదు, చేపలు కాల్చే పొయ్యికే అంటించి పోయారు. మేంగ్ చాసున్ పొద్దున్నే వచ్చి, చిల్లుల బొగ్గుదిమ్మ రాజేసి, ఉప్పు పట్టించిన కానాగంతలను కమ్మీల మీద పరిచి తిప్పుతుంటే కాగితం కాలుతున్న వాసన వచ్చిందట. చేప కాలే వాసనకూ కాగితం కాలే వాసనకూ తేడా తెలియకపోవడానికి ఆవిడేమన్నా నిన్నగాక మొన్న పొయ్యి పెట్టిందా. వంగి చూసి, చేపలు తిప్పే పట్టకారుతోనే ఊడలాగి, అంచు మసిబారిన ఆ రెండు కాగితాలను ఉప్పుడబ్బా కింద పెట్టింది. మధ్యాహ్నం భోజనానికి తాక్ గిదోంగ్ వచ్చేదాకా అవి అక్కడే ఉన్నాయి.

"తమ్ముడూ, ఏదో ఆఫీసు కాగితం. కాస్త చదివి పెట్టు," అంది, అన్నం గిన్నె, ముల్లంగి పులుసు అతని ముందు పెడుతూ.

గిదోంగ్ మొదటి పేజీ పైకే చదివాడు. సోల్‌గోగే వార్డులో మధ్యాహ్నం పూట గాలి చెడిపోతోందని కొత్త టవర్ల నివాసుల సంఘం వాళ్లు ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టారు. ఆఫీసు విచారించింది. సందులో ఆరుబయట ఉన్న చేపల పొయ్యిని ఛూసక్ పండగ సెలవులు ముగిసిన మర్నాటికల్లా తీసెయ్యాలి. అభ్యంతరాలుంటే గురువారం మీటింగుకు వచ్చి చెప్పుకోవచ్చు. అంతవరకూ అతని గొంతు మామూలుగానే ఉంది. రెండో పేజీ తిప్పాడు. అదొక రిజిస్టరు పేజీకి నకలు. తేదీలు, గంటలు, అంకెలు, చిట్టచివర రిమార్కుల గడి. ఆ గడిలో 'దగ్గరి కారణం: సందులో చేపల పొయ్యి' అని రాసుంది. రాసిన చెయ్యి తనదే.

"అందులో ఏముంది?" అని అడిగింది చాసున్.

"అంకెలు," అన్నాడు గిదోంగ్. కాగితాలు మడిచి, నేను చూస్తాలే అని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ అతని పళ్లెంలో చేప తల తీసి పక్కన పెట్టి, వీపు వైపు కండ ముల్లు లేకుండా వలిచి, రోజూలాగే ముందుకు జరిపింది. అతను తల ఎత్తకుండా తిన్నాడు. తల ఎత్తితే ఎదురుగా గోడ. ఏడేళ్ల కిందట ఒక వానరోజున ఊరికే కూర్చోలేక బ్రష్షు పట్టుకుని ఆ గోడ మీద చేపల పేర్లన్నీ వరసగా రాసింది అతనే. ఇప్పుడవి పొగచూరి, సగం కనిపించీ కనిపించకుండా ఉన్నాయి.

గిదోంగ్ ఉద్యోగం వార్డు ఆఫీసు డాబా మీద గాలిని కొలవడం. అక్కడొక రేకుల గది, దాని కప్పులోంచి పైకి లేచిన రెండు గొట్టాలు. ఒక గొట్టం గాలిని పీల్చి చిన్న అప్పడమంత తెల్లటి ఫిల్టరు గుండా పంపుతుంది. రోజుకు రెండుసార్లు, మధ్యాహ్నం పన్నెండుకూ సాయంత్రం అయిదింటికీ, పాత ఫిల్టరును అంచు పట్టుకుని తీసి, వెండికాగితంలో చుట్టి, ఐసుపెట్టెలో పెట్టి, కొత్తది వెయ్యాలి. వేలు తగలకూడదు. తుమ్మకూడదు. సెంటు పూసుకుని రాకూడదు. రెండో గొట్టం కింద ఒక పెట్టె ఉంది. దాన్ని పరిశోధన సంస్థ వాళ్లు వేసవిలో తెచ్చి పెట్టారు. గాలిలో తేలే సన్నటి నలుసుల్లో సేంద్రియమైనవి ఎన్నో, అంటే కొవ్వు, పొగ, చెట్ల జిగురు, పెట్రోలు లాంటివాటి నుంచి వచ్చినవి ఎన్నో, అయిదు నిమిషాలకోసారి తెర మీద గీతలా గీస్తుంది. ఎండ కాసిన ప్రతిరోజూ ఆ గీత ఒంటిగంట దాటాక మెల్లగా లేచి, మూడింటికి కొండలా నిలబడి, పొద్దువాలాక దిగిపోతుంది.

ఆగస్టులో ఆ రిమార్కు రాసిన రోజు అతనికి బాగానే గుర్తుంది. ఆకలి దంచేస్తోంది. కింద సందులోంచి చేప వాసన వస్తోంది. చేతిలో పెన్ను ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత మేస్త్రీ ఒకాయన, రిమార్కుల గడి ఎప్పుడూ ఖాళీగా వదలొద్దు, ఖాళీ గడి చూస్తే పైవాళ్లు నువ్వు నిద్రపోయావనుకుంటారు అని నేర్పాడు. ముప్పయ్యేళ్లుగా గిదోంగ్ ఏ గడినీ ఖాళీగా వదల్లేదు. 'ఆకాశం నిర్మలం' అని రాశాడు, 'పక్క మేడకు రంగులేస్తున్నారు' అని రాశాడు, ఒకసారి 'కాకి గొట్టం మీద వాలింది' అని కూడా రాశాడు. వాటిని చదివినవాడు ఒక్కడూ లేడు. ఆ రోజు ముక్కుకు తెలిసింది రాసేసి, కిందికి దిగి, ఆ చేపే తిన్నాడు. ముప్పయ్యేళ్లలో ఎవరో చదివిన మొదటి రిమార్కు అదే అయింది.

*

ఆ సాయంత్రం ఫిల్టరు మార్చాక ఇంటికి పోకుండా గదిలోనే కూర్చుని రిజిస్టరు తిరగేశాడు. వెతుకుతున్నదేమిటో అతనికే సరిగ్గా తెలియదు. చేసిన తప్పు అంత పెద్దదేం కాదని చెప్పే పేజీ ఏదైనా దొరుకుతుందేమోనని ఆశ. ఆగస్టు నెలలో రెండు రోజుల దగ్గర వేలు ఆగింది. ఆ రెండు రోజులూ మధ్యాహ్నం తను డాబా మీదే నూడుల్సు ఉడకబెట్టుకు తిన్నాడు. రిమార్కుల గడిలో అదీ రాసుంది. చాసున్ తన అక్క సంవత్సరీకానికి సముద్రం వైపు ఊరికి వెళ్లింది. కొట్టు మూసేసి ఉంది, పొయ్యి చల్లగా ఉంది. పెట్టెలో ఆ తేదీల గీత తీసి చూశాడు. ఒంటిగంటకు లేచింది. మూడింటికి కొండలా నిలబడింది.

వేడి తగ్గని ఆ సెప్టెంబరు సాయంత్రం అతను కుర్చీని తెర దగ్గరకు లాక్కున్నాడు. వాన రోజులు వెతికాడు. వానలో చాసున్ టార్పాలిన్ కట్టి మరీ చేపలు కాలుస్తుంది. వానరోజు సందు నిండా పొగే. ఆ రోజుల్లో గీత పన్నెండింటికి ఒక చిన్న గుట్టలా లేచి పడుకుండిపోయింది. మూడింటి కొండ ఆనవాలే లేదు. అంటే చేపలది ఆ గుట్ట. ఈ కొండ ఇంకెవరిదో.

ఐసుపెట్టె తెరిచి ఆ రోజువి రెండు ఫిల్టర్లూ దీపం కింద పక్కపక్కన పెట్టాడు. మధ్యాహ్నందాకా పీల్చినది బూడిదరంగుగా ఉంది. సాయంత్రంది అలా లేదు. పల్చటి బార్లీ కషాయం ఒలికి ఆరినట్టు లేత పసుపు. రోజూ చూస్తున్న రంగే. దాన్ని గురించి ఎన్నడూ ఆలోచించలేదు. వాసన చూడకూడదని తెలిసీ ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. ఏ వాసనా లేదు. ఉందని అతనికి అనిపించిందంతే. చిన్నప్పుడు పండగ ముందు రోజు అమ్మ పంపితే సంచి పట్టుకుని ఈ కొండ మీదికే వచ్చి కుడుముల కింద పరిచి ఉడికించడానికి లేత పైన్ ఆకులు కోసుకునేవాడు. మధ్యాహ్నపు ఎండలో చెట్ల మధ్య జిగురు వాసన గుప్పున కమ్మేది. దూరం నుంచి చూస్తే కొండ మీద నీలంగా, పల్చగా, ముసుగులాంటిది వేలాడేది. కొండ ఊపిరి వదులుతోందిరా అనేది అమ్మ. ఆ ముసుగు ఇప్పుడు కనిపించడం లేదు. కొండకూ ఊరికీ మధ్య ముప్పై ఎనిమిది అంతస్తుల టవర్లు అయిదు లేచాయి. వాటి కింద కార్లు బారులు తీరి ఉంటాయి.

*

బుధవారం పెట్టెకు మరమ్మతు చెయ్యడానికి బాంగ్ యెరిన్ వచ్చింది. పరిశోధన సంస్థ పిల్ల. ముప్పయ్యేళ్లుంటాయి, డాక్టరేటు ఉంది, స్క్రూడ్రైవర్ మాత్రం ఎప్పుడూ మరిచిపోయి వస్తుంది. గిదోంగ్ తనది ఇచ్చి, ఆమె పని ముగిసేదాకా ఆగి, ఆగస్టు గీతలూ వాన గీతలూ ముందు పెట్టాడు. ఆ పిల్ల చాలాసేపు చూసింది. నిజానికి ఈ సంగతి తాము నెల కిందటే చూడాల్సిందనీ, రిపోర్టు రాసే తొందరలో రిమార్కు చూసి దాన్నే పట్టుకున్నామనీ ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి ఆమె ఎక్కువసేపు తీసుకోకపోవడం గిదోంగ్‌కు నచ్చింది. తనకూ అంత సులువైతే బాగుండుననిపించింది.

"లేచే ధూళి వేరు, పుట్టే ధూళి వేరు, తాక్ గారూ," అంది యెరిన్. "పొయ్యి నుంచి లేచేది కంటికి కనిపిస్తుంది, కాబట్టి దొంగ అదే అనుకుంటాం. పుట్టేదాన్ని ఎవరూ చూడరు. చెట్టు వాసన, పెయింటు వాసన, పెట్రోలు వాసన, ఇవన్నీ ఉత్త ఆవిరి. ఆ ఆవిరి ఫిల్టరుకు దొరకదు. దానికి ఎండ తగిలి, కార్ల పొగ తోడైతే అది మారిపోతుంది. మారాక బరువెక్కి, ఆవిరిగా ఉండలేక గడ్డకడుతుంది. ఎముకల పులుసు చల్లారితే పైన కొవ్వు తేలి పేరుకుంటుందే, అలాగ."

"అయితే మూడింటికి లేచేది..."

"ఇక్కడే, ఈ గాలిలోనే పుడుతోంది. అందులో కొండ వాటా ఉంది. పసుపురంగు చూశారుగా. కార్ల వాటా ఉంది. ఎవరిదెంతో నేనిప్పుడు ఒట్టేసి చెప్పలేను."

గిదోంగ్ గొట్టాల మీదుగా కొండ వైపు చూశాడు. పైన్ చెట్లు ఎండలో కదలకుండా నిలబడి ఉన్నాయి. రేపు మీటింగులో ఈ మాటే చెప్పగలవా డాక్టరమ్మా అని అడిగాడు. చెప్తానంది. మీరు కూడా మాట్లాడాలి, రిమార్కు మీది కదా అని కూడా అంది. ఆ రెండో మాట విననట్టు అతను స్క్రూడ్రైవర్ తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

గురువారం మీటింగుకు చాసున్ మంచి చొక్కా తొడుక్కుని వచ్చింది. జుట్టు నున్నగా దువ్వుకున్నా చేతుల నుంచి చేప వాసన పోలేదు. వరసలో పక్కన కూర్చున్న టవర్ల సంఘం అధ్యక్షురాలు కుర్చీని కాస్త అవతలికి జరుపుకుంది. చాసున్ అది చూసి, తను కూడా కుర్చీని కాస్త ఇవతలికి జరుపుకుంది.

పర్యావరణ సెక్షన్ అధికారి ప్యో చెడ్డవాడు కాదు. పండగ ముందు తలనొప్పులు వద్దనుకునే మనిషి. ఆయన ముందున్న ఫారంలో 'దగ్గరి కారణం' అని ఒక్కటే గీత ఉంది, దాని మీద ఒక్కటే మాట రాయాలి. గిదోంగ్ లేచి, ఆ రిమార్కు తానే రాశాననీ, పరీక్షించి కాక ముక్కుతో రాశాననీ, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ చెప్పాలని రాత్రంతా వల్లించుకుని వచ్చాడు. లేచాడు. చాసున్ తల తిప్పి అతని వైపు చూసింది. ఆ చూపు ముందు అతని నోట వచ్చింది వేరు. రిజిస్టరులోని రిమార్కు సరైనది కాదని తేలింది అన్నాడు. ఎవరు రాశారో చెప్పలేదు. కూర్చున్నాడు.

తరవాత యెరిన్ లేచి ఆగస్టు గీతలు చూపించింది. ఆవిరి సంగతి చెప్పింది. జాగ్రత్తగానే చెప్పింది. చెట్లు ఒక్కటే ఉంటే ఇంత పుట్టదు, కార్ల పొగ తోడైతేనే అని రెండుసార్లు అంది. కానీ మీటింగుల్లో రెండుసార్లు చెప్పింది ఎవరు విన్నారు గనక. అధ్యక్షురాలి ముఖం వికసించింది. అయితే ఇదంతా కొండ మీది పైన్ చెట్ల వల్లేనన్నమాట, ఆ వాలును పార్కింగుకు ఇమ్మని మేం ఎప్పుడో అర్జీ పెట్టుకున్నాం, చెట్లు తీసేస్తే గాలీ బాగుపడుతుంది, కార్లకూ చోటు దొరుకుతుంది అంది. ప్యో గారు పెన్ను మూత తీశారు. ఆయన ముఖంలో కనిపించింది దుర్మార్గం కాదు, ఊరట. ముసలావిడ పొట్ట కొట్టాననే మాట తప్పుతోంది, ఫారమూ నిండుతోంది.

"అయితే 'పైన్ చెట్లు' అని రాసేద్దామా?"

"వద్దు," అంది చాసున్. ఆవిడ లేవలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చునే మాట్లాడింది. "చేపలనే రాయండి."

ప్యో గారికి అర్థం కాలేదు. నీ పొయ్యి తప్పు లేదని తేలుతోంది కదమ్మా అన్నారు.

"నాకు పధ్నాలుగేళ్లప్పుడు ఆ కొండ బోడిగా ఉండేది. ఎర్రమట్టి. వానొస్తే బురదంతా ఊళ్లోకే. మొక్కకు ఇంత అని గోధుమపిండి ఇస్తామంటే మా అమ్మా నేనూ వసంతమంతా మోకాళ్ల మీద పాకుతూ నాటాం. చలికి గడ్డకట్టిన నేల. గునపం దిగేది కాదు. ఆ పిండితోనే ఆ యేడు బతికాం. పొయ్యి పోతే ఇంకో పొయ్యి పెట్టుకుంటా, లేదంటే మానేస్తా. నాకు డెబ్భై నాలుగు. వాటికి ఇంకా చాలా వయసుంది. నా పొగే అని రాసుకోండి. రేపటి నుంచే ఆర్పేస్తా."

పండగయ్యాక చూద్దాం అన్నారు ప్యో గారు చివరికి, పెన్ను మూత పెడుతూ. తిరిగొచ్చేటప్పుడు గిదోంగ్ ఆవిడ పక్కనే నడిచాడు. సందు మొదట్లోకి వచ్చేసరికి, నాతో చెప్పాల్సిందేమైనా ఉందా తమ్ముడూ అని అడిగింది ఆవిడ. ఏమీ లేదన్నాడు.

*

చెప్పినట్టే శుక్రవారం పొయ్యి వెలగలేదు. చాసున్ లోపల గ్యాసు మీద చేపల పులుసు పెట్టింది. రోజూ వచ్చే ముఠా కూలీలు గుమ్మంలోంచి తొంగిచూసి, ఏంటవ్వా, చేపలకు జ్వరమొచ్చిందా, పులుసులో స్నానం చేయిస్తున్నావు అని వేళాకోళమాడి, సగంమంది వెళ్లిపోయారు. సందు వాసన మారిపోయింది. ఏ వాసన లేకపోవడం కూడా ఒక వాసనేనని గిదోంగ్‌కు ఆ రోజు తెలిసింది. డాబా మీదికి వెళ్లి తెర ముందు కూర్చున్నాడు. పన్నెండింటి చిన్న గుట్ట లేదు. మూడింటికి గీత మామూలుగానే, ఎవరినీ పట్టించుకోకుండా, కొండలా లేచింది. శనివారం కూడా అంతే. ఇక పొయ్యి సంగతి ఎవరూ అనలేరు. కానీ ఆ ఊరట సగమే. చేపలు తప్పుకుంటే మిగిలేవి చెట్లే.

ఆదివారం నుంచి ఊరు ఖాళీ కావడం మొదలైంది. పండగకు ఎవరి పెద్దల సమాధులు ఉన్న ఊరికి వాళ్లు పోవాలి. టవర్ల కింద నుంచి కార్లు ఒకదాని వెనక ఒకటి, పండ్ల బుట్టలూ పిల్లలూ దుప్పట్లూ నింపుకుని, హైవే వైపు పాకుతూ పోయాయి. గిదోంగ్ కూడా పోవాల్సిందే. అన్నయ్య ఫోను చేసి, గాలికి కూడా సెలవు లేదా ఏంట్రా మీ ఆఫీసులో అని దెప్పాడు. ఈసారికి నా వంతు మొక్కు నువ్వే మొక్కు అన్నాడు గిదోంగ్. ఫిల్టరు ఆటోమేటిక్‌గా మారదు, నిజమే. కానీ ఆగిపోవడానికి కారణం అది కాదని అతనికి తెలుసు. కార్లు లేని ఊళ్లో గీత ఏం చేస్తుందో చూడాలి.

ఛూసక్ రోజున ఆకాశం నీలంగా, మబ్బు తునక లేకుండా తెల్లారింది. ఎండ నిప్పులు చెరిగింది. డాబా మీద నుంచి చూస్తే టవర్ల ముందు రోడ్డు మీద ఒక కుక్క నింపాదిగా అడ్డంగా నడిచిపోతోంది. ఒంటిగంటయింది. గీత లేవలేదు. కొండ మీద చెట్లు అలాగే ఉన్నాయి, ఎండ అలాగే ఉంది, పీల్చి చూస్తే జిగురు వాసన కూడా చిన్నప్పటిలాగే తేలుతూ వస్తోంది. గీత నేలబారుగా పాకుతోంది. గిదోంగ్ కుర్చీ అంచుకు జరిగాడు. ఒకటిన్నర. అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

చాసున్ రెండు చేతులతో వెదురు బుట్ట పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చింది. పండగపూట ఒక్కడివే ఉన్నావని నీ కోసం కుడుములు తెచ్చానంది. ఎండలో పెట్టడం ఇష్టంలేక చుట్టూ చూసి, గొట్టం నీడ పడుతున్న గట్టు మీద బుట్ట పెట్టి, మూత తీసింది. ఆవిరి గుప్పుమంది. నువ్వుల వాసన, బియ్యప్పిండి వాసన, వాటన్నిటినీ మించి ఉడికిన పైన్ ఆకుల వాసన. అడుగున పచ్చటి ఆకులు పరుపులా ఉన్నాయి, పైన అర్ధచంద్రాకారంలో కుడుములు మెరుస్తున్నాయి. గిదోంగ్ మళ్లీ ఏడేళ్లవాడైపోయాడు. అమ్మ చేతిలో సంచి పెట్టి, లేతవే కొయ్యి, కింద రాలినవి తేవద్దు అనడం వినిపించింది. కళ్లు చెమర్చాయి. ఆ చెమ్మలోంచే తెర వైపు చూశాడు.

గీత నిట్టనిలువుగా లేచింది.

ఒక్క ఉదుటున వెళ్లి బుట్ట ఎత్తి డాబా అవతలి మూలకు పట్టుకుపోయాడు. కుడుములకు ఏమైందిరా అంది చాసున్, బిత్తరపోయి. గొట్టం పీల్చేసింది అక్కా, ఆవిరీ ఆకుల వాసనా అంతా పీల్చేసింది అన్నాడు. ఆవిడకు ఏం జరిగిందో అర్థమై, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇద్దరూ తెర ముందు నిలబడ్డారు. అయిదు నిమిషాలు. పది. గీత వంగింది. పదిహేను నిమిషాలకు మళ్లీ నేల మీదికి వచ్చి పడుకుంది. రెండున్నర, మూడు. మూడింటికి కొండ ఉండాల్సిన చోట చీమల పుట్టంత ఎత్తు కూడా లేదు.

ఆవిడ వెళ్లాక గిదోంగ్ రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. రాయకపోతే ఎవరికీ తెలియదు. పెట్టె ఒక్కోసారి దానంతటదే ఉలిక్కిపడుతుంది, యంత్రం లోపం అని పోతుంది. రాస్తే, చూశారా, పైన్ ఆకులు మూత తీయగానే ధూళి పుట్టింది అని అధ్యక్షురాలు ఎగేసుకుని వస్తుంది. అప్పుడు చాసున్ చెట్లకు తనే ఎసరు పెట్టినవాడవుతాడు, రెండోసారి. జేబులో మడిచిన నోటీసు రెండో పేజీ వారం నుంచీ అలాగే ఉంది, చెమటకు మెత్తబడిపోయింది. దాన్ని తీసి రిజిస్టరు పక్కన పెట్టుకున్నాడు. తరవాత రాశాడు. 'ఆకాశం నిర్మలం. ఎండ తీవ్రం. చేపల పొయ్యి నాలుగు రోజులుగా వెలగలేదు. టవర్ల కార్లు లేవు. 1.35కు గొట్టం పక్కన పైన్ ఆకులతో వేడి కుడుముల బుట్ట పెట్టడం జరిగింది. తప్పు గాలి కొలిచే స్టేషన్ సిబ్బందిది. 1.40కి తీసేశాం. 1.55కి గీత మామూలు స్థితికి వచ్చింది.' గడిలో చోటు చాలక పక్క గడిలోకి పాకింది. అక్కడ ఇంకొక మాట చేర్చాడు. 'ఆగస్టు రిమార్కు నేను రాసింది. పరీక్షించకుండా రాశాను.' సంతకం పెట్టాడు.

*

బుధవారం కార్లు తిరిగొచ్చాయి. మూడింటికి కొండ కూడా తిరిగొచ్చింది. గురువారం పొద్దున యెరిన్ సోల్‌గోగేకు వచ్చి ఆ పేజీ చదివింది. కుడుముల దగ్గర నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. తరవాత నవ్వు ఆపి, ఒక్కరోజు గీత రుజువు కాదు, గాలి వాలు కూడా చూడాలి, కానీ అడగాల్సిన ప్రశ్న ఏదో ఇది చెప్తుంది అంది. ఈ కుడుముల ముక్క రాశారు చూడండి, దానివల్లే మిగతా రోజంతా నమ్మబుద్ధేస్తోంది అని కూడా అంది. ఇద్దరూ కలిసి ప్యో గారి దగ్గరకు వెళ్లారు.

ప్యో గారు పేజీని రెండుసార్లు చదివారు. పొయ్యి లేకపోయినా లేచింది, చెట్లుండీ లేవలేదు, మరి ఫారంలో ఈ గీత మీద ఏం రాయమంటారు అన్నారు. కార్లు అని రాయండి అన్నాడు గిదోంగ్. ఆయన కిటికీలోంచి టవర్ల వైపు చూసి, కార్లంటే ఊరంతా నా మీదికొస్తుందయ్యా, నాదీ ఒక కారుంది అని గొణిగారు. చివరికి 'పరిశీలనలో ఉంది' అని రాశారు. పరిశీలన ముగిసేదాకా పొయ్యి నోటీసు నిలిపివేత, వాలు మీద పార్కింగు అర్జీ కూడా నిలిపివేత. అంత చిన్న మాటలో అంత చోటు ఉంటుందని గిదోంగ్ అనుకోలేదు.

నిలిపివేత కాగితం పట్టుకుని సందులోకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చాసున్ ముల్లంగి తరుగుతోంది. విషయం చెప్పాడు. ఆవిడ కత్తి ఆపలేదు. సరే, రేపు బొగ్గు తెప్పించాలి అంది. గిదోంగ్ కూర్చున్నాడు. జేబులోంచి మెత్తబడిన ఆ రెండో పేజీ తీసి బల్ల మీద పరిచాడు.

"అక్కా, ఆ రోజు అంకెలని చెప్పాను. అంకెలే కాదు. కింద ఒక రిమార్కు ఉంది. అది రాసింది నేనే."

"తెలుసు," అంది చాసున్.

"యెరిన్ చెప్పిందా?"

"పొయ్యి మీద నుంచి ఊడదీసింది నేనే కదా. నీకంటే ముందు చూశాను. నాకు చదువు అంతంతమాత్రమే గానీ," అని కత్తితో గోడ వైపు చూపించింది, "ఆ చేతిరాతను ఏడేళ్లుగా రోజూ చూస్తున్నా. గుర్తుపట్టనా?"

గిదోంగ్ గోడ వైపు చూడలేకపోయాడు. చదివి పెట్టమని అడిగింది అందుకేనా అన్నాడు.

"నీ నోటితో వింటే నొప్పి తక్కువుంటుందనుకున్నా. నువ్వు చెప్పలేదు. మీటింగులో లేస్తే చెప్తావనుకున్నా. చెప్పలేదు. సందు మొదట్లో అడిగా. అప్పుడూ చెప్పలేదు." ముల్లంగి ముక్కలను పులుసులోకి తోసింది. "కోపం రాలేదని కాదు. పొయ్యి ఆర్పిన రోజు నిన్ను బాగానే తిట్టుకున్నా."

"మరి కుడుములు ఎందుకు తెచ్చావు?"

"పండగ కదా. ఒక్కడివే ఉన్నావు."

చాసున్ చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లింది. నల్లరంగు డబ్బా, వెంట్రుకలు గట్టిపడిన పాత బ్రష్షు తెచ్చి అతని ముందు పెట్టింది. గోడ మీద పేర్లు పొగకు చెరిగిపోయాయి, కొత్తవాళ్లు వచ్చి ఏమున్నాయని అడిగి చంపుతున్నారు, మళ్లీ రాసిపెట్టు అంది. గిదోంగ్ బ్రష్షును నీళ్లలో నానబెట్టి, వేళ్లతో మెత్తగా పిసికి, కుర్చీ ఎక్కాడు. కానాగంతలు రాశాడు, సొరచేప రాశాడు. మూడో వరసకు వచ్చి ఆగాడు. అక్కడ పాత అక్షరాలు పూర్తిగా పోయాయి.

"ఇక్కడ ఏముండేది? ఏం రాయను?"

ఆవిడ మూత తీసి పులుసు ఉప్పు చూసుకుంటోంది. తల తిప్పకుండానే అంది.

"నన్నడుగుతావేం. పెట్టె తెరిచి చూసి, ఉన్నది రాయి."

గిదోంగ్ కుర్చీ దిగి, ఐసు నింపిన చేపల పెట్టె దగ్గరకు వెళ్లి, మూత ఎత్తి చూశాడు.